ఐదో కుర్చీ పక్కన ఒక సాక్షి ఉన్నాడు

ఆరోగ్య శాఖ పర్యవేక్షణాధికారి వారి సముఖమునకు,

విషయం: డయాలసిస్ కేంద్రంలో ఐదో నంబరు కుర్చీలో రక్తం పోయి మరణించిన రోగి గురించి, "ప్రత్యక్ష సాక్షులు లేరు" అని మూసివేసిన విచారణను తిరిగి తెరువవలెనని కోరుతూ – మూడవ అర్జీ.

సూచిక: నా మొదటి అర్జీ (జవాబు రాలేదు). నా రెండవ అర్జీ (జవాబు వచ్చింది, రాకపోయినా బాగుండేది).

అయ్యా,

నేను వృత్తిరీత్యా లిఫ్టు మెకానిక్‌ను. ఇరవై ఆరేళ్ళు ఆ పని చేశాను. మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేసిన తరువాత, గత మూడేళ్ళుగా, తమ శాఖ అనుమతితో నడుస్తున్న డయాలసిస్ కేంద్రంలో వారానికి మూడు ఉదయాలు నాలుగో నంబరు కుర్చీలో కూర్చుంటున్నాను. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒకదాని గుండా రక్తం మిషన్‌లోకి పోతుంది, శుభ్రపడి రెండోదాని గుండా ఒంట్లోకి తిరిగి వస్తుంది. ఇలా నాలుగు గంటలు. ఇవన్నీ తమకు తెలిసినవే కావచ్చు. కానీ తమ విచారణ నివేదిక చదివాక ఆ నమ్మకం నాకు పోయింది గనుక రాస్తున్నాను.

సదరు ఘటనకు సంబంధించి ఈ దిగువ అంశాలు తమ దృష్టికి తెస్తున్నాను.

1. మరణించిన వ్యక్తి వివరములు. నివేదికలో ఆమెను "స్త్రీ, 63 సం." అని రాశారు. అంతే రాశారు. ఆమె ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. మేమందరం లెక్కల టీచరమ్మ అనేవాళ్ళం. పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలి దగ్గర ఉండేది. ఉదయం ఆరింటికి మేం ఒక్కొక్కరం బరువు చూసుకుని దిగుతుంటే కుర్చీలోంచే అడిగేది.

"ఎంత పెరిగావు?"

"మూడున్నర కిలోలు, టీచరమ్మా."

"నిన్న నువ్వు తాగింది గ్లాసుతోనా, బకెట్టుతోనా?"

ఒంట్లో చేరిన నీరు ఎంతో, ఆ పూట ఎంత తీయాలో మా అందరి లెక్కలూ ఆమెకు నోటికి వచ్చు. క్రిందటి సంవత్సరం ఒక ఉదయం నా మిషన్‌లో రెండు పాయింట్ నాలుగు లీటర్లు తీయమని పెట్టాల్సిన చోట నాలుగు పాయింట్ రెండు అని పెట్టారు. నేను చూసుకోలేదు. ఆమె పక్క కుర్చీలోంచి కళ్ళజోడు పైకి ఎత్తి చూసి, "ఏమ్మాయ్, నాలుగో నంబరుకి అంకెలు తారుమారయ్యాయి, వచ్చి సరిచెయ్యి. మనిషిని పిండి ఆరేస్తారా ఏం?" అని కేకేసింది. ఆ పూట నేను నడిచి ఇంటికి వెళ్ళింది ఆమె వల్ల. ఆ సంగతి ఆమె ఫిర్యాదుల పుస్తకంలో తేదీ వేసి రాసింది. వారం తిరక్కుండా ఆ పుస్తకం మాయమైంది. దాన్ని గోడకు కట్టిన తాడు ఇంకా వేలాడుతోంది. కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు.

2. సిబ్బంది కొరత. నలుగురు రోగులకు ఒక టెక్నీషియన్ ఉండాలని ఆ హాలు గోడ మీదే బోర్డు ఉంది. బోర్డు చాలా బాగుంది, అద్దం కూడా వేయించారు. దాని కింద తొమ్మిది కుర్చీలు, ఒకే ఒక్క టెక్నీషియన్ అమ్మాయి. రెండో ఆమె మానేసి అప్పటికి మూడు నెలలు. టీచరమ్మే కేంద్రం ఇన్‌ఛార్జిని అడిగింది. "మిషన్లు వాటంతటవే చూసుకుంటాయండీ, మీరు కంగారుపడకండి" అన్నాడు.

3. అలారమును నిర్వీర్యము చేయుట. ఘటన జరిగిన మంగళవారం టీచరమ్మ మిషన్ మొదటినుంచీ కూస్తూనే ఉంది. రక్తం తిరిగి వెళ్ళే ట్యూబులో ఒత్తిడి తగ్గితే అది అలా కూసి, పంపు ఆపేస్తుంది. అందుకే దాన్ని అక్కడ పెట్టారు. అమ్మాయి రెండుసార్లు పరుగెత్తుకొచ్చి సూది దగ్గర ప్లాస్టరు సర్ది, బటన్ నొక్కి వెళ్ళింది. మూడోసారి ఇన్‌ఛార్జి వచ్చాడు. "ఊరికే అరుస్తోంది ఇది" అని, అలారం ఏ ఒత్తిడికి మోగాలో ఆ హద్దును తన చేత్తోనే బాగా కిందికి దించేశాడు. మిషన్ నోరు మూసుకుంది. వెళ్తూ వెళ్తూ, "చలేస్తోందా అమ్మా?" అని దుప్పటి భుజం దాకా కప్పాడు. దయతోనే కప్పాడు, కాదనను. కానీ సూది ఉన్న చేయి ఎప్పుడూ కళ్ళకు కనబడాలని ఆ అద్దం బోర్డులోనే మూడో లైను.

అయ్యా, లిఫ్టు తలుపు మాటిమాటికీ తెరుచుకుంటోందని సెన్సర్‌కు అట్టముక్క అడ్డం పెట్టిన మెకానిక్‌ను నేనెరుగుదును. తనిఖీలో దొరికాడు. అదే రోజు లైసెన్సు రద్దు చేశారు. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగలకముందే రద్దు చేశారు. పెట్టెలో ఎక్కి దిగే మనుషులకు ఉన్న విలువ, ఒంట్లో రక్తమంతా బయటికి తీసి మీ చేతుల్లో పెట్టిన మనుషులకు లేదా?

4. ఘటన. ఎనిమిదీ అయిదుకు టీచరమ్మ నా వైపు తిరిగింది.

"బాబూ, కాళ్ళ దగ్గర తడిగా ఉంది. నీళ్ళేమన్నా ఒలికాయా?"

చూశాను. కుర్చీ రెక్సిన్‌ది, దేన్నీ పీల్చుకోదు. దుప్పటి కిందనుంచి కాళ్ళ వైపు జారి, అంచు నుంచి నేల మీదికి ధారగా కారుతోంది. రక్తం తిరిగి వెళ్ళవలసిన సూది ఎప్పుడో ఊడిపోయింది. మిషన్ మాత్రం ఆమె రక్తాన్ని లాగుతూ, శుభ్రం చేస్తూ, శుభ్రమైనదాన్ని దుప్పట్లో పోస్తోంది. నిమిషానికి దాదాపు మూడు వందల మిల్లీలీటర్లు. తెరమీద అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి.

"రక్తం! అయిదో నంబర్ రక్తం!" అని అరిచాను.

అమ్మాయి హాలు చివర తొమ్మిదో కుర్చీ దగ్గర ఉంది. అక్కడ ఒకాయనకు కళ్ళు తిరిగితే కాళ్ళు పైకెత్తి పట్టుకుని ఉంది. "అన్నా, ఒక్క నిమిషం, ఈయన పడిపోతున్నారు" అంది. ఇన్‌ఛార్జి గాజు గదిలో ఫోన్‌లో ఉన్నాడు. నేను అరుస్తూనే ఉన్నాను, మిగతా ఆరుగురూ అరిచారు. అమ్మాయి వచ్చి పంపు ఆపి, దుప్పటి లాగి పడేసేసరికి టీచరమ్మ పెదవులు తెల్లకాగితంలా ఉన్నాయి. "ఎంత పోయిందమ్మాయ్?" అని అడిగింది. అదే ఆమె నోటినుంచి నేను విన్న చివరి మాట. లెక్క కనుక్కోవాలనుకుంది. ఎనిమిదింబావుకు స్ట్రెచర్ మీద పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నం కాకముందే పోయింది. హాజరు పట్టీలో ఆరింటికే వచ్చినట్టు సంతకం ఉన్న డాక్టరు గారు తొమ్మిదింటికి వచ్చారు.

5. తప్పుడు నమోదు. ప్రతి మిషన్‌కూ ఒక కాగితం వేలాడుతుంది. అరగంటకొకసారి రక్తపోటు చూసి అందులో రాయాలి. ఆమెను తీసుకుపోయాక ఆ కాగితం నా కంటికి ఎదురుగానే ఉంది. ఎనిమిదిన్నర: 130/80. తొమ్మిది: 130/80. తొమ్మిదిన్నర: 128/80, "రోగి సౌకర్యముగా ఉన్నారు." అప్పుడు గడియారంలో ఎనిమిదీ ఇరవై. నాకు కుడి చేయి ఖాళీగానే ఉంటుంది. ఫోన్‌తో ఫోటో తీశాను, సమయం దానిమీదే ఉంది. తరువాత తల తిప్పి నా కాగితం చూసుకున్నాను. పది గంటలకు నా రక్తపోటు ఎంత ఉండబోతోందో అప్పటికే రాసి ఉంది. నేను కూడా సౌకర్యముగానే ఉన్నాను.

ఫోటోలు రెండూ జతపరచడమైనది.

6. సంతకము తీసుకొనుట. టీచరమ్మ చెల్లెలు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి ఇన్‌ఛార్జి కాగితం తెచ్చి, "అంబులెన్సు కోసమమ్మా, ఇక్కడ పెట్టండి" అన్నాడు. ఆమె పెట్టింది. అక్క ప్రాణం పోతుంటే ఎవరు చదువుతారు? చికిత్సలో ఉండే ప్రమాదాలన్నీ తనకు ముందే వివరించారని, ఎవరిపైనా ఫిర్యాదు లేదని ఆ కాగితంలో ఉంది. దాన్నే నివేదికకు ఆధారంగా జత చేశారు.

7. విచారణ. తమ విచారణ సంఘం ఆదివారం వచ్చింది. ఆదివారం డయాలసిస్ ఉండదు. తొమ్మిది ఖాళీ కుర్చీలను చూసి, "రోగి నిద్రలో చేయి కదిలించుట వలన సూది ఊడినది. ప్రత్యక్ష సాక్షులు లేరు" అని రాసి వెళ్ళారు. నిద్రలో ఉన్న మనిషి నన్ను నీళ్ళు ఒలికాయా అని ఎలా అడిగింది?

8. నా పూర్వపు అర్జీలు. మొదటిది ఏమైందో తెలియదు. రెండోదానికి జవాబులో "తగు చర్య నిమిత్తము సదరు కేంద్రమునకే పంపడమైనది" అని రాశారు. నిజంగానే పంపారు. మరునాడు నాకు రెండు సూదులూ గుచ్చాక, మిషన్ తిరగడం మొదలయ్యాక, ఇన్‌ఛార్జి నా అర్జీని చేతిలో ఊపుకుంటూ వచ్చాడు.

"ఏంటి, మా మీదే రాశావట? ఇక్కడ ఇష్టం లేకపోతే ఇంకోచోట చూసుకో. ఎవరూ నిన్ను కట్టేయలేదుగా."

నా చేతికి ఉన్న ట్యూబులు చూసి కూడా ఆ మాట అన్నాడు. ఇంకో కేంద్రం బస్సులో రెండున్నర గంటల దూరం. వారానికి మూడుసార్లు, వాంతులతో, అంత దూరం పోయి రాగలనా?

ఆ సాయంత్రం నా భార్య, "మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చోవాలి, ఆ మనిషే నీ మిషన్ ముట్టుకోవాలి. ఇక రాయకు, నీకు దండం పెడతాను" అంది. దండం పెట్టింది కూడా. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె నాకు దండం పెట్టడం అదే మొదటిసారి. నాకు చచ్చేంత సిగ్గేసింది. అందుకే రాస్తున్నాను.

9. రోగులు చేపట్టిన చర్య. టీచరమ్మ పోయిన మూడో వారం, ఒక గురువారం ఉదయం, మేం ఎనిమిదిమందిమీ బరువు చూసుకుని కుర్చీల పక్కన నిలబడ్డాం. రెండో టెక్నీషియన్ వచ్చేదాకా కూర్చునేది లేదన్నాం. ఒక్క పూట తప్పితే మాకేమవుతుందో మాకు తెలుసు. తొమ్మిదో నంబరాయన గోడకు ఆనుకుని, ఆయాసపడుతూ, "నిలబడి పోతే పోతాను గానీ దుప్పట్లో పోను" అన్నాడు. ఇన్‌ఛార్జి మొదట కేకలేశాడు, తరువాత బతిమాలాడు, చివరికి ఫోన్ చేశాడు. తొమ్మిదీ ఇరవైకి ఇంకో ఆసుపత్రి నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. చూశారా, మనుషులు లేక కాదు. అతను సరిగ్గా పదకొండు రోజులు ఉన్నాడు. పన్నెండో రోజు మళ్ళీ ఒక్కరే.

10. ఆ అమ్మాయి గురించి. ఈ వ్యవహారమంతటిలో ఉద్యోగం పోయింది ఒక్క టెక్నీషియన్ అమ్మాయికే. ముందే నింపిన కాగితాల్లో చేతిరాత ఆమెదే, దాచను. ఆమె వెళ్ళిపోయే రోజు నేనే అడిగాను, ఎందుకలా రాశావమ్మా అని. "తొమ్మిదిమంది దగ్గర అరగంటకోసారి బీపీ చూస్తే సూదులు ఎవరు చూస్తారన్నా? కాగితంలో ఖాళీలుంటే జీతం కోస్తామన్నారు. పొద్దున్నే నింపి పెట్టేదాన్ని" అని ఏడ్చింది. ఆమె చేసింది తప్పే. తప్పని ఆమె ఒప్పుకుంది. ఆమె చేత ఆ తప్పు చేయించినవాళ్ళు, హద్దు దించినవాడు, హాలులో లేకుండా హాజరు సంతకం పెట్టినవాడు, ఆదివారం వచ్చినవాళ్ళు ఎవరూ ఒప్పుకోలేదు. చిన్న ఉద్యోగిని బయటికి తోసి తలుపు వేసుకుంటే దాన్ని చర్య అనరు.

కావున తమరిని కోరునది: విచారణను పనిరోజున, కుర్చీల్లో రోగులు ఉండగా జరిపించాలి. నా వాంగ్మూలం తీసుకోవాలి. ఆ ఉదయం మిషన్‌లో అలారం హద్దు ఎవరు, ఎన్ని గంటలకు మార్చారో దాని మెమరీలో ఉంటుంది. చెరిపేయకముందే దాన్ని స్వాధీనం చేసుకోవాలి. ఈ పూట నుంచే నలుగురికి ఒకరిని పెట్టించాలి. నేను నష్టపరిహారం అడగడం లేదు, టీచరమ్మ చెల్లెలూ అడగడం లేదు. "నిద్రలో చేయి కదిలించుట వలన" అన్న ముక్క కొట్టేయమని ఆమె అడుగుతోంది. తన చావుకు తనే కారణమని అక్క పేరుమీద ఒక సర్కారు కాగితం ఉండకూడదంటోంది.

ఈ అర్జీనైనా సదరు కేంద్రానికి పంపక, తమరే కూర్చుని, చివరిదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(సంతకం)
నాలుగో నంబరు కుర్చీ, ఉదయం షిఫ్టు

తాజా కలం: పైన నాలుగో అంశంలో ఒక సంగతి రాయలేదు. అగ్నిప్రమాదమైతే మా అంతట మేమే ట్యూబుల క్లిప్పులు నొక్కి, మిషన్ నుంచి విడిపించుకుని లేవడం మాకు నేర్పారు. నాకు వచ్చు. లేచి రెండడుగులు వేస్తే టీచరమ్మ మిషన్ మీద ఆపే బటన్. నా కుడి చేయి క్లిప్పు దాకా వెళ్ళింది. నా రక్తమూ పోతుందేమోనని భయమేసింది, చేయి వెనక్కి తీసుకున్నాను. తీసుకుని, అరవడం మొదలుపెట్టాను. అమ్మాయి రావడానికి పట్టిన రెండు మూడు నిమిషాలూ అరుస్తూ కూర్చున్నాను. ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. వాంగ్మూలంలో ఇది కూడా రాసుకోండి. నా వంతు నేను సంతకం పెట్టి ఇచ్చాను. మిగతావాళ్ళ చేత మీరు రాయించండి.