వెదురాకు కషాయం

బాబాయికి,

క్షేమమా అని అడిగే ముఖం నాకు లేదు. ముందు ఆ వెదురాకు కషాయం పారబోయండి. మానేసిన షుగర్ మాత్రలు ఈ పూటే మొదలుపెట్టండి.

వెదురాకు షుగర్‌ను తగ్గిస్తుందని మా ల్యాబ్ రాసిన వ్యాసాన్ని, తప్పుల తడక అని తేలాక సైన్సు పత్రికవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. కషాయం పట్టించిన పన్నెండు ఎలుకల్లో బతికినవి రెండే. మా సారు ఆ రెండింటి రక్తమే పదేపదే తీయించి, పన్నెండింటి పేరిట నాచేత రాయించారు. చివరికి వాటి తోకల్లో సూది గుచ్చడానికి చోటు మిగల్లేదు. గుచ్చిన చెయ్యి నాదే.

నిన్న సారు టీలో బిస్కెట్ ముంచుకుంటూ, "దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా? ఆకు అన్నచోటల్లా చిగురు అని మార్చి ఇంకో పత్రికకి పంపుదాం" అన్నారు. ఆయన్ని చూస్తే రోత పుట్టింది. అద్దంలో నన్ను చూసుకున్నా అదే రోత.

ఆ వ్యాసాన్ని మీరు పటం కట్టించి హాల్లో పెట్టారట. రాసినవాళ్ళలో మూడో పేరు మా అమ్మాయిదే అని వచ్చినవాళ్ళందరికీ చూపించి, వాళ్ళచేత కూడా కషాయం తాగిస్తున్నారని పిన్ని చెప్పింది. తాగినవాళ్ళ పేర్లన్నీ రాసి పంపండి. ఇంటింటికీ వచ్చి నేనే చెప్తాను. ఈసారి ఎంతమందో సరిగ్గా లెక్కపెడతాను.

ఇట్లు,
ఆ మూడో పేరు మనిషి