తంగేడు పూసిన బండ్ల బాట

నస్పూర్, 1966

అన్నా,

బతుకమ్మ పండుగకు నన్ను తీసుకుపోవడానికి సైకిల్ మీద వస్తానని రాశావు. బొగ్గు లారీల రోడ్డున రాకు. జొన్నచేల నడుమ బండ్ల బాట పట్టు. ఎదురొస్తే ఒకటో రెండో ఎడ్లబండ్లు, అంతే. వాగు దాకా తంగేడు విరగబూసింది. పోయేటప్పుడు బతుకమ్మకు కోసుకుందాం.

ఈ బాట నాకెట్లా తెలుసని పరేషాన్ కాకు. మీ బావ సైకిల్ మీద నేను తొక్కడం నేర్చుకున్నది అక్కడే. "లారీలు రావు, పడితే చూసెటోళ్లు గూడ లేరు, తొక్కు" అన్నడాయన. రెండుసార్లే పడ్డాను.

పోయేటప్పుడు పూలమూట పట్టుకొని నువ్వు వెనుక కూర్చో. ఊరు కనబడగానే సిగ్గనిపిస్తే దిగి నడువు. నేను మాత్రం దిగను. అవ్వకు ముందే చెప్పిరా: "ఈసారి నీ బిడ్డను నేను తోల్కొస్తలేను, అదే నన్ను తోల్కొస్తున్నది."

నీ చెల్లె