పొడవాటి పేర్లు ఇవ్వరాదు

బాబాయ్‌కి,

పిన్ని మోకాలి నొప్పి తగ్గిందని విన్నాను, సంతోషం. నా తలనొప్పి మాత్రం మీరు రాసిన ప్రోగ్రామే.

మా ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షల ఫైళ్లు వెతికే మీ కమాండు, నెట్‌లో బయటివాళ్లూ నడపగలిగేది, ఫైలు పేరుకి అరవై నాలుగు అక్షరాల చోటే ఉంచింది. పేరు అంతకన్నా పొడవైతే మిగతా అక్షరాలు పొంగి పక్క మెమరీలో పడతాయి. తెలిసినవాడు ఆ పొంగులోనే తన ఆజ్ఞలు దూర్చి మొత్తం కంప్యూటర్ని చేజిక్కించుకోగలడు. పేరు పొడవు చూసి తీసుకొనేలా మార్చమని ఎంత మొత్తుకున్నాను! "అంత పొడుగు పేరు ఎవడు కొడతాడే, నీ చాదస్తం గానీ!" అన్నారు. చివరికి నా పోరు పడలేక మీరు చేసిన మరమ్మతు ఏమిటి? కమాండు నడిపినప్పుడల్లా "అరవై నాలుగు అక్షరాలు దాటితే ప్రమాదం, దాటించకండి" అని తెరమీద చూపించడం!

నిన్న ఎవడో బయటినుంచి చొరబడ్డాడు. ఒకరి రిపోర్టు ఇంకొకరి పేరు మీదికి వెళ్లింది. రిపోర్టులిచ్చే కిటికీ దగ్గర జనం నా మీద విరుచుకుపడుతున్నారు. ఇకనైనా ఆ కోడు నాకు పంపండి, నేనే దిద్దుకుంటాను.

"ఎలా దూరాడే?" అని మాత్రం అడక్కండి. మీ హెచ్చరిక కింద వాడే ఒక వాక్యం చేర్చి వెళ్లాడు: "దారి చూపినందుకు కృతజ్ఞతలు."

మీ అన్నయ్య కూతురు