మోకాళ్ల మీదికి బొంతలు

అశోక్ నగర్,
నవంబరు 3, 1994

గోవర్ధన్ గారికి నమస్కారం.

నారాయణగూడలో మీరు నడిపే వృద్ధాశ్రమంలో చక్రాల కుర్చీల్లో కూర్చునేవారికి చలికి మోకాళ్లు లాగేస్తున్నాయని విన్నాం. చిక్కడపల్లి, అశోక్ నగర్ ఆడవాళ్లం పాత నేతచీరలతో చిన్న బొంతలు కుట్టి పంపుతున్నాం. అంచులకు అందంగా రంగు గుండీలు పెట్టాం. అత్తగారి పథ్యానికీ, మావారి టిఫినుకీ మధ్య కుట్టినవి. వంకరలుంటే మన్నించండి.

ఇట్లు,
రాజ్యలక్ష్మి

తా.క.: ఉతికితే రంగు పోదు. పోతే చల్లనీళ్లలో ఉతకండి.

నారాయణగూడ,
నవంబరు 10

రాజ్యలక్ష్మమ్మ గారికి నమస్తే.

బొంతలు అందాయి, సంతోషం. కానీ మంచం మీద మెడ దాకా కప్పితే కాళ్లు బయటే ఉంటున్నాయి. పీరయ్య అనే పెద్దాయన, "ఇది బొంతనా, దస్తీనా?" అని తన చేతిరుమాలు పక్కన పెట్టి అడుగుతున్నాడు. ఆశమ్మకు చూపు ఆనదు. గుండీని చాక్లెట్ అనుకుని నోట్లో వేసుకుంది. ఈసారి గుండీలు లేకుండా, జర పొడుగ్గా కుట్టండి.

మీ మేలు కోరే
గోవర్ధన్

తా.క.: గుండీ బయటికి తీశాం. ఇంకొకటి ఉందా అని అడిగింది.

అశోక్ నగర్,
నవంబరు 24

గోవర్ధన్ గారికి,

అవి పడుకోవడానికి కాదండీ, కూర్చున్నప్పుడు ఒళ్లో వేసుకోవడానికి. అయినా అడిగారు కాబట్టి పొడుగువి కుట్టాం. గుండీలు లేవు. కళ్లజోడు పెట్టుకోవడానికి జేబు ఉంది.

ఓపికతోనే,
రాజ్యలక్ష్మి

తా.క.: "ఆ జేబు నా బొంతకెందుకు లేదు?" అంటున్నారు మావారు. ఆయనకసలు బొంతే లేదు.

నారాయణగూడ,
డిసెంబరు 1

అమ్మా,

పొడుగు బొంత చక్రానికి చుట్టుకుని రామచంద్రం గారి కుర్చీ గుమ్మంలో ఇరుక్కుపోయింది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. ఆయనకు అన్నం అక్కడే పెట్టాం. ఇక జేబుల్లో ఎవరూ కళ్లజోడు పెట్టుకోలేదు. మైసూరుపాకు దాచుకున్నారు. చీమలు పట్టాయి. దయచేసి ఇక కుట్టకండి.

అలసిపోయిన
గోవర్ధన్

తా.క.: చీమలకు మాత్రం కొలత సరిగ్గా సరిపోయింది.

అశోక్ నగర్,
డిసెంబరు 5

గోవర్ధన్ గారికి,

కుట్టను. గురువారం వచ్చి అన్నీ పట్టుకుపోతాను. వేళ్లు బొబ్బలెక్కాయి, కళ్లు లాగుతున్నాయి. ఇంట్లోనూ అంతే, ఎంత చేసినా ఎక్కడో ఒకచోట పొట్టే అవుతోంది.

రాజ్యలక్ష్మి

తా.క. రాసే ఓపిక లేదు.

అశోక్ నగర్,
డిసెంబరు 9

గోవర్ధన్ గారికి నమస్కారం.

నిన్న నేను వచ్చేసరికి మీరు కాచిగూడ వెళ్లారట. గేటు దగ్గర మీ కాపలాదారు బాలకిషన్ నా చేతిలో ఖాళీ సంచీ చూసి, ఆశ్రమంలో చేరడానికి వచ్చాననుకున్నాడు. "లోపలికి రాండ్రి అమ్మా. మొదట్ల అందరికీ గిట్లనే ఉంటది" అని, కాదని చెప్పేలోపే కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆశమ్మ తన ఒళ్లోని పొట్టి బొంత తీసి నా మోకాళ్ల మీద వేసింది. "పాపం, మస్తు అలసిపోయినట్టుంది. లేపకుండ్రి" అనడం వినపడింది. అంతే, నిద్రపోయాను.

పొద్దు వాలాక కళ్లు తెరిస్తే ఎదురుగా మావారు. వెతుక్కుంటూ వస్తే, "మీ ఆమెను చేర్చుకున్నం. చూడనీకి ఐతారం రాండ్రి" అన్నాడట బాలకిషన్. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, "ఇంత కష్టంగా ఉందని చెప్పలేదేమే?" అన్నారు.

కాదండీ, బొంతల కోసం వచ్చానని చెప్పేదాన్నే. ఆయన ముఖం చూసి, "ఆలోచించి చెబుతాను" అన్నాను.

పొట్టి బొంతలు అక్కడే ఉండనివ్వండి. పొడుగువి సగానికి కత్తిరించి కుడతాను. వాటికోసం ఇక ప్రతి గురువారం నేనే వస్తాను. ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి.

బాగా నిద్రపోయిన
రాజ్యలక్ష్మి

తా.క.: ఈ పొద్దున్నుంచి కాఫీ ఆయనే కలుపుతున్నారు. బాగోలేదు. బాగుందనే తాగుతున్నాను.