డైనమోకు చెవి ఏదీ?

మర్రిగూడ,
5 జూన్ 2023

మహబూబ్‌నగర్‌లో పాత కార్లు బాగుచేసే కరుణమ్మకు కురుమయ్య రాస్తున్నది. ఇక్కడ నేను, నా భార్య గుర్వమ్మ, నలభై ఏడు గొర్రెలు క్షేమం. అక్కడ మా కారు క్షేమమో కాదో తెలపగలరు.

మా కారు అన్నాను గానీ అది మాది కాదు. ఎముకల డాక్టర్ రామచంద్రం గారిది. ఎనిమిదేళ్ల కింద ఆయన ఊరు విడిచి హైదరాబాద్ పోతూ, ఆ ఎర్ర రెండు సీట్ల కారును మా గొర్రెల కొట్టంలో పెట్టి, "కురుమయ్యా, ఇది నా బిడ్డ ఉమారాణిది. ఆమె అడిగిన్నాడు అప్పజెప్పాలె" అన్నారు. నిరుడు ఆయన కాలం చేశారు. ఇప్పుడు ఉమారాణమ్మ దాన్ని బాగుచేయమని మీకు ఇప్పించింది. బాగానే ఉంది. కానీ ఒక్క నట్టు తక్కువైనా పోయేది నా మాటే.

నిన్న మీ షాపు నుంచి "పాత సామాను కొంత మారుస్తున్నాం" అని ఫోన్ వచ్చింది. ఫోన్‌లో మాట గాలికి పోతుంది. ఏం తీస్తున్నారో, ఏం పెడుతున్నారో కాగితం మీద రాయండి.

మా గొర్రెలవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఒకరి గొర్రెలను సగపాలుకు మేపేవాడు, గొర్రె చస్తే చెవి కోసి తెచ్చి యజమానికి చూపాలి. చెవి మీద యజమాని పెట్టిన గాటు ఉంటుంది. చెవి రాలేదంటే ఆ గొర్రె చావలేదు, సంతలో అమ్ముడుపోయిందని అర్థం. మీరు తీసిన ప్రతి సామానుకు నాకు చెవి రావాలి.

ఇట్లు,
కాపలాదారు కురుమయ్య

తా.క.: మీ మీద అనుమానం ఏమీ లేదు. ఈ ఉత్తరం నకలు ఒకటి నా దగ్గర ఉంది.

*

మహబూబ్‌నగర్,
12 జూన్

పెద్దలు కురుమయ్య గారికి కరుణ నమస్కారాలు. మీ రిజిస్టర్ పోస్టు అందింది. కారు క్షేమం. గొర్రెల వాసన మాత్రం ఇంకా పోలేదు.

ఈ పాత బ్రిటిష్ కార్లంటే నాకు ప్రాణం. వాటికి కరెంటు పని చేసినవాడంటేనే ఒళ్లు మంట. అందుకే నా దగ్గరికి ఏ పాత స్పోర్ట్స్ కారు వచ్చినా ముందు కరెంటు పుట్టించే పాత డైనమో పీకేసి కొత్తరకం ఆల్టర్నేటర్ పెడతాను. అప్పుడు లైట్లు వేసినా హారన్ మూగబోదు. తర్వాత రేడియేటర్‌కు కరెంటు ఫ్యాను. మన పాలమూరు ఎండలకు అది లేకపోతే ఇంజను మొదటి సిగ్నల్ దగ్గరే ఉడికిపోతుంది. సీటు బెల్టులు అసలే లేవు, అవీ పెడుతున్నాను. ఇన్ని చేసినా బయటికి ఒక్కటీ తెలియదు. అదే నా పనితనం.

మీరడిగిన చెవి గురించి మా షాపులో రెండు రోజులు చర్చ జరిగింది. డైనమోలో చెవి ఏదో తేలక మొత్తం డైనమోనే బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. బరువుంటుంది, జాగ్రత్తగా దించుకోండి.

ఇట్లు,
కరుణ

తా.క.: కారుకు పక్క అద్దం ఒక్కటే ఉంది. రెండోది నేనే పెట్టాను. అది పుట్టిందే గానీ చావలేదు కనుక చెవి రాదు.

*

మర్రిగూడ,
20 జూన్

కరుణ గారికి కురుమయ్య రాస్తున్నది. గొర్రెలు క్షేమం. నాకు మాత్రం నిద్ర లేదు.

డైనమో అందింది. తిప్పి చూస్తే కింద సొట్ట ఉంది, కాబట్టి మాదే. ఈ ఒక్కసారికి నమ్ముతున్నాను. బయటికి తెలియకుండా చేయడమే పనితనం అని రాశారు. దొంగ కూడా అదే అంటాడు.

మా ఊరి డీసీఎం వ్యాన్ డ్రైవర్ గాలయ్య మొన్న మీ షాపు ముందు ఆగి చూసి వచ్చాడు. "తాతా, డ్రైవరు పక్క సీటు జానెడు లేపిండ్రు. తలుపు కాడ పట్టుకునేతందుకు కడ్డీ పెట్టిండ్రు. డిక్కీ మీద సామాను పెట్టే స్టాండు గూడ బిగించిండ్రు" అన్నాడు. ఈ మూడూ మీ ఉత్తరంలో లేవు. ఉమారాణమ్మ నలభై ఏళ్ల మనిషి, నిటారుగా నడుస్తుంది. ఆమె కారుకు ఎత్తు సీటు ఎవరి కోసం? గుర్వమ్మ వెంటనే పట్టేసింది: "ఎవలో మోకాళ్ళ నొప్పులామెకు అమ్మినట్టున్నరు. పాపం, ఉమారాణికి ఎరుకనే లేదు."

ఇంకొకటి. మూడో గేరు వేస్తే సన్నగా కిర్రుమనేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. ఆ చప్పుడు ఉందో లేదో రాయండి. లేదంటే గేర్ బాక్సు మార్చేశారనే అనుకోవాలి.

ఇట్లు,
కాపలాదారు కురుమయ్య

తా.క.: డైనమోను గుర్వమ్మ కొట్టం తలుపుకు అడ్డం పెట్టింది. పొట్టేలు పొడిచినా కదలడం లేదు. ఇంత గట్టి సామాను ఎందుకు తీశారో!

*

మహబూబ్‌నగర్,
28 జూన్

కురుమయ్య గారికి కరుణ నమస్కారాలు.

సీటు, కడ్డీ, స్టాండు ఉమారాణి గారే పెట్టించారు. ఎవరి కోసమో చెప్పవద్దన్నారు, చెప్పను.

ఇక మూడో గేరు. మీరు రాసినట్టే కిర్రుమనేది, ఎత్తు మీద ఇంకా ఎక్కువ. కానీ తాతా, కొట్టంలో నిలబడి ఉన్న కారు ఎత్తు ఎప్పుడు ఎక్కింది? ఆ చప్పుడు మీరెట్లా విన్నారు?

నాకూ అనుమానం పుట్టి డాక్టర్ గారి సర్వీసు పుస్తకం తీశాను. మీకు అప్పజెప్పిన రోజు మీటరు అంకె ఆయన చేతిరాతలో ఉంది: 31,200. ఇవాళ మీటరు మీద 37,700. పాత బ్రిటిష్ కారు కనుక ఇవి మైళ్లు. కట్టేసి ఉంచిన కారు ఆరున్నర వేల మైళ్లు ఎక్కడ మేసి వచ్చింది? దీనికి చెవి మీ దగ్గర ఉందా?

మన ఉత్తరాలన్నీ ఉమారాణి గారు అడిగారు. పంపుతున్నాను.

ఇట్లు,
కరుణ

తా.క.: ఆ కిర్రు చప్పుడు తీసేశాను. దాని చెవి పంపడం నా వల్ల కాదు.

*

మర్రిగూడ,
3 జూలై

కరుణ గారికి.

మా కొట్టంలో ఎలుకలు ఎక్కువ. అవి తీగలు కొరికి, అంకెలు తిరిగి ఉండవచ్చు. ఇంతకు మించి నాకు తెలియదు.

ఇట్లు,
కురుమయ్య

తా.క.: పెద్ద ఎలుకలు.

*

మహబూబ్‌నగర్,
8 జూలై

కురుమయ్య గారికి.

ఎలుకల కోసం సీట్లు ఊడదీసి వెతికాను. నల్లగొండ దవాఖాన ఓపీ చీటీలు ఇరవై మూడు దొరికాయి. అన్నిటి మీదా గుర్వమ్మ అనే రాసి ఉంది. మీ ఎలుక పేరా?

ఇట్లు,
కరుణ

తా.క.: చీటీలు భద్రంగా ఉన్నాయి. ఒక్కటి కూడా కొరకలేదు.

*

మర్రిగూడ,
15 జూలై

బిడ్డా కరుణా,

నీ ఉత్తరం గుర్వమ్మకు చదివి వినిపించాను. ఆమె, "మందిని చెవులడుగుతవు, నీ అబద్ధానికి చెవి యాడున్నది? నిజం రాయి" అన్నది. రాస్తున్నాను.

మా దిక్కు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. యాభై దాటేసరికే గుర్వమ్మ మోకాళ్లు బిగుసుకున్నాయి. బస్సు మెట్టు ఎక్కలేదు. డాక్టర్ గారు ఉన్నన్నాళ్లు నెలనెలా ఇంటికే వచ్చి చూసేవారు. ఊరు విడిచే ముందు రెండు నెలలు నాకు ఆ కారు నడపడం నేర్పి, లైసెన్సు కూడా ఇప్పించారు. కాపలాకు అదీ అవసరమే అనుకున్నాను.

ఆయన ఊరు విడిచిన మొదటి నెలలోనే ఆమె నొప్పికి తాళలేక ఏడ్చింది. చూడలేకపోయాను. కారులో నల్లగొండకు తోలుకుపోయాను. ఒక్కసారే అనుకున్నాను. రెండో నెల మళ్లీ పోయాను. తర్వాత అలవాటైంది. మేపమని ఇచ్చిన మేక పాలు దొంగతనంగా పిండుకున్నవాణ్ణి నేను. నా దొంగతనం నా లోపల ఉండబట్టే నిన్ను అనుమానించాను. చాలా సిగ్గుగా ఉంది.

ఉమారాణమ్మకు చెప్పు. ఎత్తు సీటు ఎవరిదైనా అడిగే హక్కు నాకు లేదు. కారు అప్పజెప్పినట్టే. నెలనెలా దవాఖానకు ఇంకేదో దారి చూసుకుంటాము.

ఇట్లు,
కురుమయ్య

తా.క.: ఆ కారులో కూర్చోవడానికి ఆమెకు పావుగంట, లేవడానికి అరగంట పట్టేది. దిగిన ప్రతిసారీ, "గీ కారు చేసినోనికి మోకాళ్ళు లేకుండెనా?" అని తిట్టేది.

*

మహబూబ్‌నగర్,
22 జూలై

కురుమయ్య తాతకు, గుర్వమ్మ అవ్వకు కరుణ దండాలు.

ఉమారాణి గారు మన ఉత్తరాలన్నీ చదివి నాకు ఫోన్ చేశారు. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"కురుమయ్య కాకా, దునియాల అందరినీ అనుమానిస్తవు. కాపలా ఉండే మనిషికి బాపు డ్రైవింగ్ ఎందుకు నేర్పిండో, గా అనుమానం మాత్రం ఎన్నడూ రాలేదా? 'ఇస్తనంటే కురుమయ్య తీసుకోడు, కాపలా ఉండుమంటే కాదనడు. గుర్వమ్మను దవాఖానకు పంపేతందుకు నాకు గిదొక్కటే తొవ్వ దొరికింది' అని బాపు పోయేముందు నాతోని చెప్పిండు. సీటు లేపింది గుర్వమ్మ చిన్నమ్మ మోకాళ్ళకే. కడ్డీ ఆమె పట్టుకోను, స్టాండు ఆమె వాకర్ పెట్టను. ముందే చెప్తే కారును నువ్వు కొట్టంల నుంచి కదలనిస్తుంటివా?"

తాతా, కారు మీకు ఇవ్వడం లేదట, భయపడకండి. మళ్లీ కాపలాకే పంపుతున్నారు. షరతు ఒక్కటే. నెలనెలా నల్లగొండకు తోలకపోతే కాపలా సరిగ్గా చేయనట్టే లెక్క. శుక్రవారం నేనే తోలుకొస్తాను.

ఇట్లు,
మీ కరుణ

తా.క.: ఉమారాణి గారికి ఒక్క అనుమానం మిగిలింది. నల్లగొండకు రానూపోనూ డెబ్బై మైళ్లు. ఎనిమిదేళ్లంటే తొంభై ఆరు నెలలు. ఆ లెక్కన మీటరులో మూడుసార్లు పోయివచ్చే మైళ్లు తక్కువ వస్తున్నాయట. ఆ మూడు నెలలు చిన్నమ్మను దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదో రిజిస్టర్ పోస్టులో జవాబు కావాలంటున్నారు.