ఏడు అంగల తేడా

4 జనవరి, శనివారం

ఇవాళ పదకొండు. నవంబరులో పద్దెనిమిది పడేది.

ధవళేశ్వరం కాలవ గట్టు మీద అంగలు వేసి మరీ కొలిచాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, కొలతలో తప్పు చెయ్యను. పద్దెనిమిది అంగలు వెళ్ళే గాలం లైన్ పదకొండు దగ్గరే ఉండచుట్టుకుని పడిపోతోంది. కొరమేనులు ఉండేది అవతల తూటికాడల కింద. పదిహేనన్నా వెళ్ళకపోతే వాటి మొహం కూడా చూడలేను.

తప్పు రాడ్‌దే. ఆన్‌లైన్ డిస్కౌంట్‌లో కొన్న చవక సరుకు. మామూలు గాలం అయితే ఎర బరువుకి అదే పోయి పడుతుంది. ఫ్లై రాడ్ అలా కాదు. ఈకలు కట్టిన ఎరకి బరువే ఉండదు, లైన్‌నే ముందుకీ వెనక్కీ కొరడాలా ఆడించి పంపాలి. చెయ్యి వెనక్కి వెళ్ళి టక్కున ఆగాలి. రాడ్‌లో బిగువుంటేనే అది సాధ్యం. దీనిలో బిగువు పోయింది.

ఎందుకు పోయిందో కూడా తెలుసు. క్రిస్మస్ సెలవులకి తుని వెళ్తూ రాడ్ గంగాధర్‌కిచ్చాను. నా పాత స్టూడెంట్, ఇప్పుడు గోదావరిలో వల వేస్తాడు. నేను నేర్పితే సరదాపడి నేర్చుకున్నాడు. తిరిగొచ్చి చూస్తే కార్క్ పిడి అంతా పచ్చగా ఉంది. వాళ్ళమ్మ నూకరత్నం పసుపు నీళ్ళతో కడిగిందట. వాళ్ళింట్లో కొత్త వల నీళ్ళలో దించేముందు అలా కడుగుతారు. నాది వలా కాదు, కొత్తదీ కాదు. పైగా మేము లూథరన్ క్రైస్తవులం. ఎవరడిగారు ఆవిణ్ణి?

6 జనవరి

చేపల మార్కెట్లో నూకరత్నాన్ని అనేశాను. నీ పసుపు వల్ల నా రాడ్ పాడైపోయిందమ్మా అని, నలుగురూ వింటుండగా. ఆవిడ కత్తిపీట మీద చేప కోస్తున్నదల్లా ఆపింది. నా మొహంకేసి చూడలేదు, చేతికేసి చూసింది. పోన్లెండి మాస్టారూ, నాదే బుద్ధి తక్కువ అంది. ఎప్పుడూ కవర్ చేతికిచ్చేది, ఇవాళ లేచొచ్చి నా సంచిలో తనే పెట్టి వెళ్ళిపోయింది. కోపం వచ్చినట్టుంది. రానీ.

12 జనవరి, ఆదివారం

చర్చికి నడిచి వెళ్తుంటే మా ఆవిడ దేవకుమారి వెనకబడింది. ఇంటికొచ్చాక చెప్పింది. మీరు నడుస్తుంటే ఎడమ చెయ్యొక్కటే ఊగుతోందండీ, కుడిచెయ్యి కదలట్లేదేంటి అని. బైబిల్ పట్టుకున్నాను కదా అన్నాను.

బైబిల్ ఎడమ చేతిలోనే ఉంది. ఇప్పుడు గుర్తొచ్చింది.

స్టాఫ్ నర్సుని చేసుకుంటే ఇంతే. ఇల్లంతా వార్డులానే కనిపిస్తుంది.

20 జనవరి

నైన్త్ బి. వృత్తాలు. కంపాస్ లేకుండా బోర్డు మీద ఒక్క తిప్పుడులో గీస్తానని నాకు పేరు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన వాళ్ళు కూడా ఫోటో తీసుకున్నారు. ఇవాళ గీస్తే కోడిగుడ్డు వచ్చింది. వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. ముందు బెంచీలో ఆశాజ్యోతి మాత్రం, అక్షరాలు కూడా చిన్నగా పడుతున్నాయి సార్, కనబడట్లేదు అంది, పాపం భయపడుతూనే.

సుద్దముక్కలు మరీ నాసిరకం ఇస్తున్నారు. హెచ్ఎం గారితో గొడవ పెట్టుకున్నాను. ఆవిడ కొత్త పెట్టె తెప్పించి చేతిలో పెట్టారు. దానితో గీసినా గుడ్డే.

1 ఫిబ్రవరి

కొత్త రాడ్‌కి ఆర్డర్ పెట్టేశాను. ఇంపోర్టెడ్. దేవకుమారికి చెప్పలేదు.

9 ఫిబ్రవరి, ఆదివారం

వచ్చింది. ఎంత తేలికో. పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే లేదు. రివ్యూలో రాసినవన్నీ నిజమే. దేవకుమారి చూసింది, ధర అడగలేదు. అడిగితే బాగుండేది, దెబ్బలాడుకునేవాళ్ళం. ఊరికే నా చేతికేసి చూసింది. ఈమధ్య ఆడవాళ్ళందరికీ నా చేతితోనే పని.

గట్టుకెళ్ళాను. మొదటి విసురు పది. ఆఖరిది పన్నెండు.

కొత్త రాడ్ కదా, అలవాటు కావాలి.

11 ఫిబ్రవరి

ఈ చొక్కా గుండీలు కూడా చవకరకమే.

16 ఫిబ్రవరి, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. గంగాధర్‌ని పిలిచి గట్టు మీదకి తీసుకెళ్ళాను. వాళ్ళమ్మని అన్నందుకు రాడేమో అనుకున్నాను. వచ్చాడు. ఏమీ ఎత్తలేదు.

నేనడిగిందొక్కటే. చవకదీ ఖరీదైనదీ రెండూ పక్కపక్కన పెట్టి తేల్చాలి, నువ్వు వెయ్యరా, నేను కొలుస్తాను అన్నాను. ఒకే లైన్, ఒకే ఎర, గాలి లేదు. ముందు కొత్తది. ఐదుసార్లు వేశాడు. పంతొమ్మిది. తర్వాత పసుపు పిడిది అందుకున్నాడు. ఇది పద్నాలుగు దాటితే నా చెవి కోయించుకుంటాను అన్నాను. వాడు నవ్వి, వల విసిరినట్టే మణికట్టు విరిచి, వెనక టక్కున ఆపాడు. లైన్ తిన్నగా వెళ్ళి తూటికాడల పక్కన పడింది.

పద్దెనిమిది.

మళ్ళీ వెయ్యమన్నాను. పద్దెనిమిది. మళ్ళీ. పద్దెనిమిదిన్నర. నా అంగల మీద నాకే అనుమానం వచ్చి వాణ్ణి కొలవమన్నాను. అంతే వచ్చింది. కర్రల్లో పెద్ద తేడా ఏం లేదండి మాస్టారూ, ఒక్క అంగ, అంతే అన్నాడు. పసుపు కూడా ఏం చెయ్యలేదండి అని నెమ్మదిగా అన్నాడు.

ఈ లెక్క ఆరో తరగతి పిల్లలు చేస్తారు. చవకదానికీ ఖరీదైనదానికీ తేడా ఒకటి. నవంబరుకీ జనవరికీ తేడా ఏడు. రాడ్ అదే, కాలవ అదే, మనిషి అదే. మరి ఏడు ఎక్కడ పోయాయి?

రాడ్ కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాను. ఒళ్ళో నా కుడిచెయ్యి దానంతటదే ఆడుతోంది. బొటనవేలూ చూపుడువేలూ గోళీ దొర్లిస్తున్నట్టు. ఎప్పట్నుంచో ఆడుతూనే ఉంది. నాకు తెలుసు. తెలిసే మూడు నెలలుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. భయం వేసింది, అందుకని. సుద్దముక్కనీ గుండీనీ ఆ ముసలమ్మనీ అన్నాను గానీ దీన్ని మాత్రం అనలేదు.

గంగాధర్ చూసి, చూడనట్టు లైన్ చుట్టుకుంటూ కూర్చున్నాడు. మధ్యలో ఆగిపోయిన తన కాలేజీ చదువు గురించి ఏదో చెప్పాడు. నేను వినలేదు.

రాత్రి అన్నం తినేటప్పుడు చెయ్యి దాచలేదు. బల్ల మీదే పెట్టాను. దేవకుమారి దాని మీద తన చెయ్యి వేసి, శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నానండీ, ఎప్పుడు చెప్పాలా అని చూస్తున్నాను అంది.

22 ఫిబ్రవరి

రాజమండ్రి. న్యూరాలజిస్ట్ కుర్రవాడు. ఒకే వాక్యం పదిసార్లు రాయమన్నాడు. మొదటి లైను నాది. పదో లైను చీమలది. అది చూసి జబ్బు పేరు చెప్పాడు. మందులున్నాయండి, మీరు చాలా ఏళ్ళు బాగానే పనిచేసుకోగలరు అన్నాడు. బోర్డు మీద రాయగలనా అని అడిగాను. అక్షరాలు చిన్నవైపోకుండా ప్రాక్టీస్ చేయిస్తారట. వృత్తం గురించి అడగలేదు.

ఇంటికొచ్చి, గీతలు లేని ఈ డైరీ వెనక్కి తిప్పాను. నవంబరులో పేజీకి పంతొమ్మిది లైన్లు. ఈ పేజీలో ముప్పై నాలుగు. అంతా ఇక్కడే రాసుంది, నేనే చదువుకోలేదు.

2 మార్చి

నూకరత్నం ఇంటికెళ్ళాను. అరుగు మీద వల బాగుచేస్తోంది. నిలబడే చెప్పాను. రాడ్ బాగానే ఉందమ్మా, నా చెయ్యే పాడైంది, నిన్ను అనకూడని మాట అన్నాను, క్షమించు అని. కూర్చోండి మాస్టారూ అంది. దారం పళ్ళతో కొరికి తెంపి, తెలుసండి అంది.

క్రిస్మస్‌కి ముందు చేపల కవర్ అందుకుంటున్నప్పుడు చూసిందట. మీ సెయ్యి వణుకుతుంటే సూశానండి, మా ఇంట్లో పెద్దాయనకీ ఇలాగే మొదలయింది అంది. నాకు చెప్పడానికి నోరు రాలేదట. అబ్బాయి రాడ్ తెస్తే, మాస్టారు పట్టుకునే చోటు ఇదేరా అని అడిగి, అక్కడే కడిగిందట. కొత్త కర్రనుకున్నానా ఏంటండీ, మీ సెయ్యి నిలబడాలని కడిగాను, అంది.

ఏడ్చాను. ఆవిడ లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది, చెంబుకి సగమే నింపి, ఒలక్కుండా.

ఖరీదైన రాడ్ గంగాధర్‌కిచ్చేశాను. ఒద్దన్నాడు, వినలేదు. పసుపు పిడిది నాకు చాలు.

18 ఏప్రిల్

పెద్దగా రాయమన్నారు.

నా పేరు రాజరత్నం.

లెక్కల మాస్టార్ని.

పేజీ అయిపోయింది.