పోజులు తీయని ఫోటోగ్రాఫరు

నవంబరు 2, శనివారం

కెమెరా వచ్చింది! చంటిపిల్ల బరువుంది. ఒళ్లోంచి దించబుద్ధి కావడం లేదు.

ఇరవై రెండేళ్లుగా కళ్లజోళ్ల షాపు నడుపుతున్నాను. ఊళ్లో సగం మందికి లోకం స్పష్టంగా కనబడుతోందంటే నా చలవే. నేను మాత్రం షాపు దాటి ఏ లోకమూ చూడలేదు. రేపు పొద్దున్నే విమానం. ఎల్లుండి నుంచి రెండు వారాలు, ఆసియాలో ఐదు దేశాలు. మా ఆవిడా నేనూ, బస్సు నిండా జనం, ప్యాకేజీ టూరు. తిరిగొచ్చాక షాపు గోడకి పన్నెండు ఫోటోలు: కొండలు, మనుషులు, పాత కట్టడాలు. కంటి పరీక్షకి వచ్చినవాళ్లు అక్షరాల బోర్డు వదిలేసి నా ఫోటోలే చూడాలి!

నియమాలు:
1. తెల్లారకముందే లేవాలి.
2. ఆటో మోడ్ ముట్టుకోకూడదు.
3. పోజులు తీయకూడదు. మనవాళ్లవి అసలే తీయకూడదు. (పోజిచ్చాక మనిషి పోయి బొమ్మ మిగులుతుందని ఇంటర్నెట్లో పాఠాలు చెప్పే గురువుగారు అన్నారు.)

మూడోది వినగానే మా ఆవిడ చేతిలో పని ఆపేసింది. "మరి మనదో? పెళ్లయ్యాక ఇద్దరం కలిసున్న ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. అక్కడ నాకేమీ కొనిపెట్టక్కర్లేదు. అదొక్కటి చాలు."

"చూద్దాంలే" అన్నాను.

నవంబరు 4, సోమవారం

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచాను!! కొండ మీద సూర్యోదయం. రెండు వందల ఫోటోలు. అన్నిట్లోనూ పొగమంచే. పరీక్షగా చూస్తే వెనకాల కొండ ఉన్నట్టే ఉంది.

"దుప్పటి ఆరేసినట్టుంది" అంది మా ఆవిడ. కళ తెలియని మనిషి.

రెయిలింగు దగ్గర నిలబడి పిలిచింది. "ఏమండీ, ఇక్కడ ఇద్దరం నిలబడదామా? ఎవరినైనా తీయమందాం."

వెలుగు బాలేదన్నాను. నిజంగానే బాలేదు.

నవంబరు 6, బుధవారం

మనుషులు! సంతలో కూరగాయలమ్మే ముసలావిడ. ఆ ముఖం, ఆ ముడతలు! షాపు గోడకి మధ్యలో పెట్టాల్సిన ఫోటో. మర్యాదగా సైగలతో అడిగాను. తలూపి లోపలికెళ్లింది. ఎంతకీ రాదు. చివరికి ముఖం కడుక్కుని, పౌడరు రాసుకుని, కొడుకుల్నీ కోడళ్లనీ మనవల్నీ వెంటబెట్టుకొచ్చి ఎత్తు ప్రకారం వరసగా నిలబెట్టింది.

తీయకపోతే బాగుండదని తీశాను. దీన్ని పోజు అనకూడదు. వాళ్లంతట వాళ్లు నిలబడ్డారు.

నవంబరు 8, శుక్రవారం

ఇవాళ పాత కట్టడాలు.

మొదటిది: మరమ్మతుల్లో ఉంది. కింది నుంచి పైదాకా పచ్చ వల కట్టేశారు. 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' బోర్డు మాత్రం చాలా బాగా వచ్చింది.

రెండోది: అద్భుతం. కానీ జనం! మనిషనేవాడు లేని ఫ్రేము కోసం గంటన్నర కాచుకున్నాను. ఖాళీ అయింది! ఊపిరి బిగబట్టాను. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, పసుపు టోపీ వాడొకడు సరిగ్గా మధ్యలో నిలబడి షూ లేసు కట్టుకున్నాడు. అటు బస్సు హారను మోగుతూనే ఉంది.

బస్సెక్కితే ముప్పై మందీ నన్ను నమిలి మింగేసేలా చూశారు. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మెట్ల దగ్గర నుంచి మూడుసార్లు పిలిచిందట. ఒట్టు, నాకు వినబడలేదు.

నవంబరు 10, ఆదివారం

అలారం మోగింది. ఆపాను. సాయంకాలపు వెలుగే గొప్పదని గురువుగారు ఎక్కడో అక్కడ చెప్పే ఉంటారు.

సాయంత్రం: కాళ్లు పీకుతున్నాయి.

పొరపాటున వేలు తగిలి ఆటో మోడ్ పడింది. పడిందాన్ని మళ్లీ తీయడం ఎందుకని వదిలేశాను. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి! ఆటో మోడ్ ఈ ఒక్క రోజుకే.

నవంబరు 12, మంగళవారం

బస్సులో మా వెనక సీటు లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. "అంత పెద్ద కెమెరా మోస్తున్నారు కదా, మా దంపతులది ఒకటి లాగించండి బాబూ" అన్నారు. పెద్దాయన. కాదంటే ఏం బాగుంటుంది?

అంతే, వరస కట్టారు! స్తంభాన్ని తోస్తున్నట్టు ఒకాయన, సూర్యుణ్ణి రెండు వేళ్లతో పట్టుకున్నట్టు ఒకావిడ. వంగి తీశాను, మోకాళ్ల మీద కూర్చుని తీశాను. బస్సంతా "ఫోటోగ్రాఫరు గారూ!" అని పిలుస్తుంటే, దాచడమెందుకు, ఒళ్లు పులకరించింది.

మూడో నియమం గురించి తిరిగొచ్చాక ఆలోచిస్తాను.

నవంబరు 14, గురువారం

భోజనాల దగ్గర కూర్చుని ఫోటోలన్నీ మొదటి నుంచి చూశాను. మాస్టారి దంపతులు, పదకొండు. టూరు మేనేజరు, తొమ్మిది. బస్సు డ్రైవరు కూడా ఉన్నాడు.

మా ఆవిడ లేదు. ఒక్కదాంట్లోనూ లేదు.

అసలు నన్ను పిలవడం ఎప్పుడు మానేసింది? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ప్లేటు వదిలేసి కెమెరా పట్టుకుని పరిగెత్తాను. సరస్సు ఒడ్డున బెంచీ మీద ఒక్కతే కూర్చుంది.

"ఇటు తిరుగు, నీది తీస్తాను."

"వద్దులెండి. వెలుగు బాలేదు."

మిట్టమధ్యాహ్నం! ఎండ పేలిపోతోంది.

నవంబరు 17, ఆదివారం

విమానాశ్రయం. విమానం ఆలస్యం. మా ఆవిడ ఫోను చూసుకుంటూ తనలో తనే నవ్వుకుంటోంది. అడగడానికి మొహం చెల్లలేదు. అయినా అడిగాను.

చూపించింది. వెళ్లిన ప్రతిచోటా దారిన పోయేవాళ్ల చేతికి ఫోనిచ్చి తీయించుకుందట. ఎంత బాగుందో! నేను చూసి చాలా ఏళ్లయిన నవ్వు. ప్రతి ఫోటోలోనూ వెనకాల ఎవడో ఒకడు వంగో, మోకాళ్ల మీదో ఉన్నాడు. ఎవడీ దరిద్రుడు, ఫ్రేమంతా పాడుచేశాడు అనబోయి చొక్కా చూసి ఆగాను.

నేనే. అన్నిట్లోనూ వీపే.

"పిలిస్తే రారుగా" అంది. "అందుకని మీరెక్కడుంటే అక్కడికొచ్చి నిలబడ్డాను. ఎలాగైతేనేం, ఇద్దరం పడ్డాం."

ఏడుపొచ్చింది. కళ్లజోడు తుడుచుకున్నట్టు నటించాను. నా వెంట ఐదు దేశాలు తిరిగిన మనిషిని చూడకుండా స్తంభాలు చూశాను. సిగ్గేసింది.

నవంబరు 24, ఆదివారం

షాపు గోడ మీద అక్షరాల బోర్డే ఉంది.

ఇంట్లో ముందుగదిలో మాత్రం కొత్త ఫ్రేము వెలిసింది. పక్కింటావిడ వచ్చి చూసి, "మీవారేరీ?" అంది.

"అదిగో, ఆ వీపు" అంది మా ఆవిడ.

ఇక ఊరుకోలేకపోయాను. వాళ్లాయన్ని పిలిచి కెమెరా చేతికిచ్చి, నేనూ మా ఆవిడా పక్కపక్కన నిలబడ్డాం. ఆయన కెమెరా వంకరగా పట్టుకున్నాడు. వెళ్లి సరిచేసి వచ్చాను. కిటికీ వెలుగు ఆయన వెనకనుంచి రావాలి కదా! వెళ్లి చెప్పి వచ్చాను. మూడోసారి వెళ్తుండగా ఆయన విసుగెత్తి నొక్కేశాడు. వచ్చిన ఫోటోలో మా ఆవిడ, పక్కన ఖాళీ, ఓ మూల నా మోచెయ్యి.

రేపు ఉదయం మళ్లీ మొదలు. ఖచ్చితంగా! పాత నియమాలన్నీ రద్దు. కొత్తది ఒక్కటే, అదీ ఆవిడే పెట్టింది: ఫోటో అయ్యేదాకా నా చెయ్యి వదలదట.